విరేచనాలు తగ్గాక

2024 అక్టోబరులో మన దాచేపల్లిలో అతిసారం ప్రబలినప్పుడు అందరి దృష్టీ ఆసుపత్రి మంచాల మీదే. ఇంటికెళ్లాక రోగుల సంగతి ఎవరికి పట్టింది? కెనడాలోని వాకర్టన్‌లో 2000లో కుళాయి నీళ్లు కలుషితమై ఊరే మంచం పట్టింది. వైద్యులు ఏళ్ల తరబడి ఆ జనాన్ని గమనిస్తే, చాలామందిని కడుపునొప్పీ విరేచనాలూ వదల్లేదని తేలింది. అదే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). స్కానింగులో ఏమీ కనపడదు కాబట్టి ‘అంతా నీ భ్రమ’ అంటారు ఇంట్లోవాళ్లు. భ్రమ కాదు, పేగుల్లో బ్యాక్టీరియా పొందిక చెదిరి, నరాలు అతిగా స్పందిస్తాయి.

పల్నాట మనం కారాన్నే తిట్టుకుంటాం. మంట పెంచుతుంది, నిజమే. కానీ ఉల్లి, వెల్లుల్లి, పప్పులను పులియబెట్టి గ్యాస్ చేసేదీ ఆ బ్యాక్టీరియాయే. కందిపొడి అన్నం తిన్న కాసేపటికి పంచె ముడి బిగుతయ్యేది అందుకే! ఏవి తగ్గించాలో లోపలి పేజీల్లో వైద్యులు చెప్పారు. మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా మాత్రం మా పత్రిక పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి.