పాత యంత్రం, పెద్ద డిస్కు

పిల్లలూ! ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు కనిపెట్టారు. ఆ నాటి గని పైన ఒక గుమాస్తా టబ్బులు లెక్కపెడుతున్నాడనుకోండి. అతని పలక మీద మూడంకెలకే చోటుంది. 999 తరువాత ఇంకొక టబ్బు వస్తే? పాపం, మళ్ళీ 000 అని రాసుకుంటాడు!

పాత ఇంటి కంప్యూటర్లకూ ఇదే చిక్కు. 1992లో అమిగా 1200 అనే కంప్యూటరు వచ్చింది. డిస్కులో ప్రతి బైటుకూ, అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటుకు, అది ఒక నంబరు వేస్తుంది. నంబరుకు 32 గళ్ళు. గడిలో 0 గాని, 1 గాని. మొత్తం 4,29,49,67,296 నంబర్లు. దీన్నే 4 గిగాబైట్లంటారు. ఆ కాలంలో అది తరగని చోటు!

ఇప్పుడు ఆ యంత్రాన్ని ముద్దుగా దాచుకున్నవారు దానికి పెద్ద డిస్కు తగిలిస్తారు. 4 గిగాబైట్ల దాకా అంతా సవ్యమే. అది దాటాక రాసింది డిస్కు మొదటికి పోయి, అక్కడున్న దాని మీద పడుతుంది. ఏ భాగం ఎక్కడుందో తెలిపే పట్టీ ఉండేది అక్కడే! అది చెరిగిందా, బొమ్మలూ ఆటలూ దేవుడెరుగు. యంత్రం మాత్రం కిమ్మనదు.

మరి ఉపాయం? 4 గిగాబైట్ల లోపలే భాగాలు చేసి, మిగతాది ముట్టుకోకుండా వదిలేయడం. నాకిదే నచ్చింది, ఖర్చు లేదు. లేదా 2018లో వచ్చిన అమిగా ఓఎస్ 3.1.4 వేసుకోవచ్చు, అది పెద్ద నంబర్లను గుర్తిస్తుంది.

ఇక మీకొక లెక్క. గుమాస్తా పలక మీద ఒక అంకె పెంచితే పదిరెట్లు లెక్కించగలడు. కంప్యూటరుకు ఒక గడి పెంచితే ఎన్నిరెట్లు?