సొంతంగా బతికే కళాకారులకు సామూహిక ఆరోగ్య బీమా కల్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి
(సిద్దిపేట జిల్లా కలెక్టర్ గారి ద్వారా, ప్రజావాణిలో సమర్పించినది)

విషయం: నెల జీతం, యజమాని లేని కళాకారులను ఒకే సమూహంగా గుర్తించి, ఓపీ ఖర్చులతో కూడిన ఆరోగ్య బీమా ఇప్పించడం గురించి.

అయ్యా,

మేము సిద్దిపేట జిల్లాలో కళను నమ్ముకొని బతుకుతున్నవాళ్లం. కొమురవెల్లి మల్లన్న సన్నిధిలో పట్నాలు వేసి ఒగ్గు కథ చెప్పేవాళ్లు, చేర్యాలలో నకాశీ బొమ్మలు వేసేవాళ్లు, చిందు కళాకారులు, డప్పు జట్లు, పెళ్లిళ్లకు సన్నాయి వాయించేవాళ్లు, పిల్లలకు సంగీతం నేర్పే మాస్టార్లు, ఫ్లెక్సీలు వచ్చాక గోడ రాతలు పోయిన ఆర్టిస్టులు ఈ పత్రం కింద సంతకాలు పెట్టారు. మాలో ఎవరికీ జీతపు చీటీ లేదు.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్‌ఐ ఉంది. తన జీతంలో 0.75 శాతం అతను కడతాడు, 3.25 శాతం యజమాని కడతాడు. దాంతో ఇంటిల్లిపాదికీ జ్వరం మాత్ర నుంచి ఆపరేషన్ దాకా నడుస్తుంది. ఒగ్గు కథకుడి తరఫున ఆ 3.25 శాతం కట్టేదెవరు? రాత్రంతా కథ చెప్పించుకున్న ఊరు తెల్లవారి పైసలు చేతిలో పెట్టి పంపుతుంది. ఆ ఊరితో లెక్క అక్కడికే తెగిపోతుంది. మరో ఊరు పిలిచేదాకా మేము ఎవరికీ ఏమీ కాము.

ఆరోగ్యశ్రీని మేము తక్కువ చేయడం లేదు. 2023 డిసెంబరు 9న పరిమితిని 10 లక్షలకు పెంచారు. గుండె ఆపరేషనో కిడ్నీ ఆపరేషనో అంటే రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఇప్పుడు ధైర్యం ఉంది. ఆ పథకం గురించి కళాజాతాల్లో ఊరూరా పాటలు కట్టి పాడింది కూడా మేమే. మాకు ఇబ్బంది కార్డు దగ్గర, ఓపీ దగ్గర.

కార్డు సంగతి త్వరగా చెప్పేస్తాం. రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. సిద్దిపేటలో సంగీతం చెప్పే మాస్టారు, ప్రైవేటు బడిలో పనిచేసే ఆయన భార్య ఇద్దరూ కలిసి నెలకు 17 వేలు తెచ్చుకుంటే చాలు, గీత దాటినట్టే. ఆ ఇంటికి ఆరోగ్యశ్రీ అందదు, బయట పాలసీ కొనే స్తోమతా ఉండదు. ఇంకొకాయనది మరీ విచిత్రం. జట్టు సామాను, సౌండ్ బాక్సులు మోసే పాత వ్యాన్ ఆయన పేరున ఉంది. కారున్న ఆసామి అనుకొని కార్డు ఆపేశారు.

ఓపీ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, మా జబ్బులన్నీ అక్కడే ఉన్నాయి. ఒగ్గు డోలును మెడకు తగిలించుకొని, కాళ్లకు గజ్జెలు కట్టి, గట్టి నేల మీద తెల్లవార్లూ గంతులేస్తూ వాయించాలి. మా జట్టులో 52 ఏళ్ల డోలు కళాకారుడికి రెండు మోకాళ్లూ పోయాయి. డాక్టరు ఎంఆర్‌ఐ తీయించమన్నాడు, నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించమన్నాడు, మాత్రలు రాశాడు. ఇవన్నీ మంచం ఎక్కకుండా చేయించుకునేవి కాబట్టి ప్రతి రూపాయీ ఆయనే పెట్టుకున్నాడు. ఎంఆర్‌ఐ తీయించాక ఫిజియోథెరపీకి డబ్బు చాలక నాలుగు సార్లు వెళ్లి మానేశాడు. రేపు మోకీలు మార్చాల్సి వస్తే ఎవరో ఒకరు లక్షలు కట్టాల్సిందే. ఇవాళ వేలతో పోయేదానికి మాత్రం ఏ పథకమూ లేదు.

కథకుడికి గొంతు జబ్బు. స్వరపేటిక మీద కాయలు లేచాయి, కొన్ని వారాలు నోరు విప్పొద్దని చెవి ముక్కు గొంతు డాక్టరు చెప్పింది సంక్రాంతి ముందర. కొమురవెల్లి జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. ఏడాది తిండి ఆ మూడు నెలల్లోనే సంపాదించుకోవాలి. మిరియాల కషాయం తాగి కథకు పోయాడు. చేర్యాల పటం గీసేవాళ్లది కళ్ల బాధ. చింతగింజల గుజ్జు, సుద్ద పట్టించిన గుడ్డ మీదికి రోజంతా వంగి, సన్నని కుంచెతో కనురెప్పలు దిద్దే పని అది. నలభై దాటితే అద్దాలు, ఆ తర్వాత కంటి పరీక్షలు, చుక్కల మందులు. ఏదీ ఆరోగ్యశ్రీ లెక్కలోకి రాదు.

బయట పాలసీ కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నవాళ్లున్నారు. బీపీ, షుగరు ముందే ఉంటే వాటికి మూడేళ్ల వరకు క్లెయిము ఇవ్వకుండా ఆపే వీలు కంపెనీకి ఉంది. ప్రీమియం గడువు ఆషాఢంలోనో మూఢంలోనో పడుతుంది. అప్పుడు చేతిలో పని ఉండదు. నెలవారీ కట్టేవారికి గడువు మీద 15 రోజులే వెసులుబాటు. అది దాటి పాలసీ చచ్చిపోతే, కొత్త పాలసీతో ఆ మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే మేము అడుగుతున్నది ఉచితం కాదు. మమ్మల్ని ఒక సమూహంగా గుర్తించమని. బీమా నియమాల ప్రకారం కేవలం పాలసీ కొనడానికి కూడిన గుంపుకు గ్రూపు పాలసీ ఇవ్వరు. మాకు ఓ పెద్ద దిక్కు కావాలి. భాషా సాంస్కృతిక శాఖే మాస్టర్ పాలసీదారుగా నిలబడాలి. ఇది కొత్త పనేమీ కాదు. 2018లో రైతుబీమా తెచ్చినప్పుడు ప్రభుత్వమే రైతులను ఒక సమూహం చేసి ఎల్‌ఐసీకి ప్రీమియం కట్టింది. జర్నలిస్టులకు ఆరోగ్య కార్డులు ఇచ్చింది. మా విషయంలో సగం ప్రభుత్వం కడితే సగం మేము కడతాం. మా వంతు ఏటా ఉగాది తర్వాత, జాతర డబ్బు చేతిలో ఉన్నప్పుడు తీసుకోవాలి.

పాలసీలో ఓపీకి వేరే పద్దు ఉండాలి. కేంద్ర హస్తకళల విభాగం ఇంతకుముందు నడిపిన రాజీవ్ గాంధీ శిల్పి స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలే ఉండేది. కానీ అందులో ఓపీ ఖర్చు కూడా వచ్చేది, ముందునుంచి ఉన్న జబ్బులూ వచ్చేవి. మొత్తం చిన్నదైనా దాన్ని రూపొందించినవాళ్లకు చేతిపనివాళ్ల ఒళ్లు తెలుసు. ఆ పద్ధతిని మళ్లీ తీసుకొని మొత్తం పెంచండి. మొదటి రోజు నుంచే పాత జబ్బులకు వర్తింపజేయండి. తల్లిదండ్రులను కూడా కుటుంబంలో చేర్చండి.

ఇంకొక చిక్కు రాష్ట్రం చేతిలో లేదు కానీ రాష్ట్రం గొంతెత్తగలదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్‌టీ ఎత్తేశారు. గ్రూపు పాలసీల మీద 18 శాతం అలాగే ఉంచారు. కంపెనీలు తమ ఉద్యోగులకు కొనే పాలసీలను దృష్టిలో పెట్టుకొని అలా చేసి ఉండవచ్చు. మేము కలిసి 10,000 రూపాయల పాలసీ కొంటే 1,800 పన్ను, విడివిడిగా కొంటే సున్నా. స్వయం ఉపాధి వాళ్ల గ్రూపు పాలసీలకు మినహాయింపు ఇవ్వాలని జీఎస్‌టీ మండలిలో మన ఆర్థిక మంత్రి గారు అడగాలి.

ఈ పాలసీ జాబితాలో కళాకారులు కానివాళ్లు చొరబడతారనే భయం అధికారులకే కాదు, మాకూ ఉంది. అయితే దానికి డిప్లొమాలు అడగకండి. ఒగ్గు కథ ఇంట్లో తండ్రి దగ్గర నేర్చుకునేది. గ్రామసభలో పేర్లు చదివించి, ఆ కళలో పెద్దవాళ్లు ఇద్దరు, శాఖ అధికారి ఒకరు చూసి గుర్తింపు కార్డు ఇస్తే చాలు. ఎవరు పాడతారో ఎవరు పాడరో ఊరికి తెలుసు.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మాలో ఆ వయసు పెద్దలు చాలామంది ఇంకా నమోదు కాలేదు. ఆధార్‌లో వయసు తప్పు పడ్డవాళ్లు కొందరు, వేలిముద్రలు అరిగిపోయి పడనివాళ్లు కొందరు. చేర్యాలలో, కొమురవెల్లిలో, దుబ్బాకలో ఒక్కో రోజు శిబిరం పెట్టి అక్కడికక్కడే సరిచేయించండి. దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు, కలెక్టర్ గారు తలచుకుంటే వచ్చే వారమే జరుగుతుంది.

రెండు శాఖల అధికారులతో మా ప్రతినిధులకు ఒక సమావేశం ఏర్పాటు చేసి, ఏది వీలవుతుందో ఏది కాదో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. ఆ సమావేశం సంక్రాంతి లోపే పెట్టండి. జాతర మొదలైతే మాలో సగం మంది ఉగాది దాకా ఎవరికీ దొరకరు.

ఇట్లు,
సిద్దిపేట జిల్లా కళాకారులు

జతపరిచినవి: సంతకాలు, వేలిముద్రల పత్రాలు, మండలాల వారీగా, కళల వారీగా పేర్ల జాబితా, 70 ఏళ్లు దాటినవారి విడి జాబితా.