ఓడలో ఊడ్చినోడి పేరు రాయి మీద ఎందుకుండదు?

మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు నల్లరాయి పాతారు. ఊరి నుంచి మిలట్రీకి పోయినవాళ్ల పేర్లు చెక్కించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటివాళ్ల దగ్గర్నుంచి మొదలెట్టారు. అందులో మా తాత పేరు లేదు. పేటవాళ్లం పదిమందిమి పోయి అడిగితే పెద్దమనుషులు రెండు మాటలు చెప్పారు. ఆయన తెల్లోడి కొలువు చేశాడన్నది ఒకటి. నేవీలో ఊడ్చాడే గాని తుపాకి పట్టలేదన్నది రెండోది.

తెల్లోడి కొలువు సంగతి ముందు తేల్చుకుందాం. అదే రాయి మీద మొదటి నాలుగు పేర్లూ తెల్లోడి పటాలాల్లో పనిచేసినవాళ్లవే. వాళ్లూ అదే రాజుకి ప్రమాణం చేశారు, అదే రాజు జీతం తిన్నారు. వాళ్లది దేశసేవ, మా తాతది బానిసత్వం ఎట్లా అయింది? దీనికి జవాబు చెప్పకుండా టీ తెప్పించారు. మేం తాగలేదు.

ఇక రెండో మాట. మా తాత ఊడ్చిన మాట నిజమే. రాయల్ ఇండియన్ నేవీలో 'టోపాసు' అని ఒక హోదా ఉండేది. మరుగుదొడ్లు కడగటం, మురికి ఎత్తటం ఆయన పని. 1939లో రెండువేల మంది కూడా లేని ఆ నేవీ యుద్ధం ముగిసేనాటికి పది రెట్లు దాటింది. మనుషులు కావాల్సొచ్చి తలుపు తీశారు. తీసిన తలుపు పక్కనే మాకోసం చీపురు పెట్టారు. ఊళ్లో ఏ పని అంటగట్టారో నడిసముద్రంలోనూ అదే పని! భూమి మీద సరే, నీళ్ల మీద కూడా పేట వేరే ఉంటుందని మనవాళ్లకు అప్పుడే తెలిసింది.

సైన్యంలోనూ ఇదే తంతు. వెనక తరాల్లో కంపెనీకి యుద్ధాలు గెలిచిపెట్టిన మహర్లను, 'యుద్ధజాతులు' వేరే ఉన్నాయని చెప్పి 1890ల్లో భర్తీ నుంచి తోసేశారు. సుబేదారు కొడుకైన అంబేడ్కర్ దీని మీద పోరాడాడు. యుద్ధం నెత్తికొచ్చాక 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి, అవసరం తీరగానే 1946లో ఎత్తేశారు.

తుపాకి పట్టలేదంటున్నారు గదా, ఓడ మీద బాంబు పడితే తుపాకి పట్టినోడొక్కడే మునుగుతాడా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మన ఊళ్లు ఖాళీ చేసి జనం బండ్లు కట్టుకుని పారిపోయిన రోజులవి. సరిగ్గా ఆ రోజే బర్మా తీరాన అక్యాబు దగ్గర మన నేవీ ఓడ 'ఇండస్' విమానదాడిలో మునిగింది. ఓడన్నాక ఇంజను గదివాడూ వంటవాడూ టోపాసూ అందరూ ఒకే నీళ్ల మీద ఉంటారు. సముద్రంలో పోయిన అవిభక్త భారత నావికుల పేర్లతో బొంబాయిలో, చిట్టగాంగులో స్మారక పుస్తకాలు పెట్టారు. ఆరువేలకు పైగా పేర్లున్నాయి. టోపాసులను అందులోంచి కొట్టేయలేదు. తెల్లోడి పుస్తకంలో దొరికిన చోటు మన పంచాయతీ రాయి మీద దొరకలేదు.

ఇంకో మాట. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో 'తల్వార్' నావికులు సమ్మెకు దిగారు. తిండి బాగాలేదు, జీతాల్లో తెల్లోడికో లెక్క, నల్లోడికో లెక్క. పైగా అధికారి 'కూలీ కొడుకులు' అని తిట్టాడని ఫిర్యాదు. ఆ మాట పడలేకపోయారు, న్యాయమే. కాని ఓడల్లో నిజంగా కూలీ కొడుకులు కొందరున్నారు, రోజూ తిట్టు పడుతూనే ఉన్నారు, వాళ్లూ సమ్మెలో నిలబడ్డారు. డెబ్బయ్‌కి పైగా ఓడలు, ఇరవైవేల మంది. మన విశాఖ కూడా కదిలింది. మా తాత అక్కడే ఉన్నాడు, ఆ పూట అందరితో పాటు కూడు ముట్టలేదని నాయనమ్మ చెప్పేది. పటేల్ వంటి నాయకులు లొంగిపొమ్మంటే 23న లొంగిపోయారు. డిస్మిస్ చేసిన నావికుల్ని స్వతంత్ర భారతమూ తీసుకోలేదు, పాకిస్తానూ తీసుకోలేదు. యుద్ధకాలం వరకే పనిచేసినవాళ్లకు పెన్షనూ లేదు. మా తాత ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చి మళ్లీ పాలేరుతనానికి పోయాడు. నేవీ బూట్లేసుకుని ఊరి బజారులో నడిచాడని రచ్చబండ దగ్గర విప్పించారు. విప్పించినవాళ్ల మనవళ్లే ఇయ్యాల రాయికి పూలదండ వేస్తున్నారు.

మన కుర్రాళ్లు కొందరు 'నావికుడు' అని రాయిస్తే చాలు, ఆ పని పేరెందుకు, పరువు పోతుందంటున్నారు. మేం ఒప్పుకోం. సుబేదారు పేరు పక్కన సుబేదారని ఉంది. మా తాత పేరు పక్కన టోపాసు అనే ఉండాలి. సిగ్గుపడాల్సింది ఆ పని చేసినోడు కాదు, కులం చూసి ఆ పని అప్పజెప్పినోడు.

అన్నలారా, అక్కలారా, మీ ఇళ్లలో పాత పెట్టెలు తియ్యండి. డిశ్చార్జి కాగితం, మెడలు, నంబరున్న బిళ్ల, ఏది దొరికినా పారేయొద్దు. కాగితాలు జిరాక్సు తీయించి అసలు మీ దగ్గరే ఉంచుకోండి, ఏ ఆఫీసరు అడిగినా అసలు చేతికివ్వొద్దు. ఆ యుద్ధంలో చేసి పెన్షన్ రానివాళ్ల వితంతువులకు సాయం ఇచ్చే పథకం ఉంది. అటువంటి ముసలమ్మ ఏ పేటలో బతికున్నా జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు తీసుకుపోండి. ఒంటరిగా పంపొద్దు, నలుగురు కలిసి వెళ్లండి. రాయి సంగతి వచ్చే గ్రామసభలో మళ్లీ అడుగుతున్నాం. ఈసారి కాగితం పట్టుకుని పోతున్నాం.