అమ్మకమునకు వచ్చిన కోట

ఐరోపాఖండమున స్థిరాస్తుల విక్రయ ప్రకటనలను చదువువారికి అప్పుడప్పుడొక వింత ప్రకటన కంటబడుచుండును. ద్రాక్షతోటల నడుమ, నదికి పైనున్న గుట్టమీద, పునరుద్ధరింపబడిన మధ్యయుగపు కోట యొకటి అమ్మకమునకు సిద్ధముగా నున్నదని అందు వ్రాసియుండును. గదులెన్ని, బురుజులెన్ని, నేలమాళిగ యెంత విశాలమైనది అను వివరములుండును. మనము పెంకుటింటిని బేరమాడినట్లు అచ్చటివారు కోటను బేరమాడుదురు. వినగానే మనకు నవ్వు వచ్చును. పిమ్మట నొక సందేహము కలుగును. ఆ క్రయపత్రమున చేరునవి గోడలు, తలుపులు మాత్రమేనా? వాటి వెనుకనున్న ఆరేడు వందల యేండ్ల చరిత్ర కూడ చేరునా? చేరునేని, దానిని అమ్ముటకు అమ్మువానికి గల హక్కు ఎట్టిది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు జర్మనీలోని రైన్ నదీలోయకంటె తగిన చోటు లేదు. బింగెన్ మొదలు కోబ్లెంజ్ వరకు సుమారు 65 కిలోమీటర్ల దూరము ఆ నది ఇరుకైన లోయలో ప్రవహించును. ఇరుదరులను పలకరాతి కొండలు. వాటి నిట్రమైన వాలులపై మెట్లు మెట్లుగా రీస్లింగ్ ద్రాక్షతోటలు. వాటికిపైన నలువది వరకు కోటలు. కోట యనగానే ఊరినంతను చుట్టివచ్చు ప్రాకారము మన మనస్సున మెదలును. ఇవి అట్టివి కావు. ఒక ప్రభువు కుటుంబమును, కొలదిమంది భటులును తలదాచుకొనదగిన గిరిగృహములివి. నదిపై ద్రాక్షాసవపు పీపాలతోను, ఇతర సరకులతోను సాగిపోవు పడవలనుండి సుంకము రాబట్టుట వీనిలో అనేకముల పని. 1245లో రైన్‌ఫెల్స్ కోటను కట్టించిన ప్రభువు సుంకమును పెంచగా, ఓర్వలేక రైన్ తీరపు పట్టణములు పెక్కు ఏకమై 1255లో దానిని ముట్టడించినవి. ఏడాదికి పైగా పోరినను కోట లొంగలేదు. కనుక ఈ గోడలయందు ప్రభువుల శౌర్యమే కాక వర్తకుల, పడవవాండ్ర కష్టార్జితమును కలదని మరువరాదు.

ఇట్టి కోటలలో పెక్కు 1689లో పదునాలుగవ లూయీ సైన్యముచేతను, తరువాతి ఫ్రెంచి సేనలచేతను నేలమట్టమైనవి. కాట్స్ అను కోటను 1806లో నెపోలియన్ సేనలు ప్రేల్చివేసినవి. పంతొమ్మిదవ శతాబ్దమున కవులకును, చిత్రకారులకును ఈ శిథిలములమీద మమత పుట్టినది. వారి వెంట రాజకుమారులు వచ్చిరి. ప్రష్యా రాజకుమారుడు ఫ్రెడరిక్ 1825 మొదలు 1829 వరకు రైన్‌ష్టైన్ కోటను తిరిగి కట్టించెను. కాట్స్ కోట 1896-98 సంవత్సరములలో మరల లేచినది. నేడు యాత్రికుడు మధ్యయుగమని భ్రమించి చూచు శిఖరములలో అనేకము ఆ శతాబ్దపు ఊహాచిత్రములే. పునరుద్ధరణము తప్పని నేననను. ఏది పాతది, ఏది క్రొత్తది యని చెప్పకుండుట తప్పు. కొనువానికి అది ధరకు సంబంధించిన విషయము. విద్యార్థికి సత్యమునకు సంబంధించిన విషయము.

ఇక అమ్మకముల సంగతి. షోన్‌బుర్గ్ కోట రెండువందల యేండ్లు శిథిలమై పడియుండగా 1885లో న్యూయార్కు ధనికు డొకడు కొని, విశేషధనము వెచ్చించి బాగుచేయించెను. 1950లో దిగువనున్న ఓబర్‌వేసెల్ పట్టణము దానిని తిరిగి కొనినది. 1957నుండి అందు వసతిగృహము నడచుచున్నది. భూమి మాత్రము పట్టణముదే. రైన్‌ష్టైన్‌ను 1975లో ఒక సంగీతనాటక గాయకుడు కొనెను. రాజవంశీయుల చేతిలో నిలువలేక జీర్ణించుచున్న ఆ కోటను అతని కుటుంబము క్రమముగా మరమ్మతు చేసి, సందర్శకుల ప్రవేశరుసుముతో నిలబెట్టినది. ప్రైవేటువాని చేతబడినంతమాత్రమున కోట చెడునను వాదము నిలువదని చెప్పుటకు ఈ రెండు ఉదాహరణములు చాలును.

కాట్స్ కోట చరిత్ర మరియొక విధము. రెండవ ప్రపంచయుద్ధానంతరము కొంతకాలము అందు విద్యార్థులు నివసించి చదువుకొనిరి. 1989లో దానిని జపానుదేశస్థు డొకడు కొనెను. నేడు సందర్శకులకు ప్రవేశము లేదు. చట్టరీత్యా ఇందు దోషమేమియు లేదు. సొంత యింటి తలుపు మూసికొను హక్కు ఎవనికైనను కలదు. కాని బడిగా నుండిన చోటు మూతపడినదన్న మాట ఉపాధ్యాయవృత్తిలో నున్న మాబోంట్లకు ముల్లువలె గ్రుచ్చుకొనును.

కోటను కాపాడుట మాటలు కాదని నాకు తెలియును. పలకరాతి పైకప్పులు కారును, కొండగట్టు జారును, కొయ్యదూలములు పుచ్చును. ధనవంతులు కొననిచో పలు కోటలు కూలిపోవుననుట నిజమే. అయినను ఆ వ్యయమంతయు కొన్నవాడే భరించుచున్నాడనుట సరికాదు. చారిత్రక కట్టడముల మరమ్మతునకు వెచ్చించు యజమానులకు జర్మనీలో ఆదాయపుపన్నున రాయితీ లభించును. అనగా ఆ కోటను ఎన్నడును చూడని సామాన్యుడును దాని పైకప్పునకు ఒక పలక నిచ్చుచున్నాడు. సొమ్ము పుచ్చుకొన్న చోట బాధ్యతయు కలదు గదా!

అమ్మకమునకు మారు మార్గములును కలవు. మార్క్స్‌బుర్గ్ ఆ లోయలో ఎన్నడును ధ్వంసముకాని గిరిదుర్గము. కోటల రక్షణకై యేర్పడిన సంఘము 1900లో దానిని వేయి బంగారు మార్కులకు కొని, తన కార్యస్థానముగా చేసికొని, ప్రజలకు చూపుచున్నది. బఖరాఖ్ పట్టణమునకు పైనున్న ష్టాలెక్ కోటను 1909లో స్మారకచిహ్నముల రక్షణసంఘము తీసికొనినది. 1925 తరువాత అది యువజన వసతిగృహమైనది. చరిత్రపాఠములో చదివిన బురుజులోనే రాత్రి నిదురించి, ఉదయమున కిటికీ తెరచి రైన్ నదిని చూచు బాలునికి ఆ పాఠమును వేరుగ వల్లెవేయించ నక్కరలేదు.

కొనువాడు కోటను మాత్రమే కొనునని యనుకొనుటయు పొరపాటు. దాని చుట్టునున్న ద్రాక్షతోటలు లేనిచో ఆ దృశ్యమే లేదు. యునెస్కో 2002లో ప్రపంచవారసత్వముగా గుర్తించినది ఒక్కొక్క కోటను కాదు. కోటలు, పట్టణములు, తోటలు కలిసిన లోయనంతటిని. ఆ నిట్రపు వాలులలో యంత్రములు సులభముగా నడువవు, చేతితో చేయవలసిన పని హెచ్చు, రాబడి తక్కువ. అందుచేత గత శతాబ్దమున తోటలు ఎంతయో తగ్గిపోయినవి. విడిచిన మెట్లమీద పొదలు పెరిగినవి. బురుజును బాగుచేసి మెట్లను బీడుపెట్టినవాడు సగము పటమును చింపినవాడగును.

కావున నా మనవి యిది. కోటలను అమ్ముకొననిండు, కాని ఆ పత్రమున మూడు నియమములుండవలెను. పాత గోడ యేది, క్రొత్త గోడ యేది అను విషయము చూచువానికి తెలియునట్లు వ్రాసి పెట్టవలెను. తోటలతో, దారులతో కోటకు గల సంబంధమును తెంపరాదు. సంవత్సరమున కొన్ని దినములైనను తలుపు తెరువవలెను. ఈ కడపటి నియమము అసాధ్యము కాదు. 1993నుండి జర్మనీలో ఏటేట సెప్టెంబరునెలలో ఒక ఆదివారము, మామూలుగా మూసియుండు చారిత్రక కట్టడములు పెక్కు ప్రజలకై తెరువబడుచున్నవి. యజమానులకు దానివలన నష్టము కలిగినట్లు కనబడదు. ఒక్క ఆదివారము సాధ్యమైనది పది దినములకు ఏల సాధ్యము కాదు?

నేడు రైన్ తీరమున నడచిపోవు బాలుడు తలయెత్తి కాట్స్ కోటను చూడగలడు. అందు తనయీడు పిల్లలే ఒకప్పుడు చదువుకొనిరని గురువు చెప్పగా వినగలడు. ఆ మెట్లెక్కి, చదువు జరిగిన గదులలో నిలిచి, నదిని చూచు అవకాశము కూడ వానికి ఏటికొకసారియైనను కలుగవలెను.