కూర్చుంటేనే కదా తేలేది

కొనకనమిట్ల మండలంలో బోరు వేయించే రైతుకు ఎన్ని అడుగుల్లో నీళ్లు పడతాయో తెలియదు. పడినా ఫ్లోరైడ్ భయం ఉండనే ఉంది. ఈ పడమటి ప్రకాశానికి ఆశంతా పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టే. శ్రీశైలం వరద నీటిలో 43.5 టీఎంసీలను నల్లమల కొండల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాల గుండా తేవాలన్నది పథకం. శంకుస్థాపన 1996లో జరిగింది. సొరంగాల ఆలస్యం గురించి అందరం మాట్లాడతాం. ఆ నీటిపై హక్కు తేల్చాల్సిన వ్యవస్థ ఊసు మాత్రం ఎత్తం.

2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 84వ సెక్షన్ అపెక్స్ కౌన్సిల్‌ను ఏర్పరచింది. కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షుడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రులు సభ్యులు. అదే చట్టం 11వ షెడ్యూలు వెలిగొండను పేరు పెట్టి పూర్తి చేయమంది. అయినా తెలంగాణ అభ్యంతరాలు ఆగలేదు. వాటిని విని తేల్చాల్సిన కౌన్సిల్ తొలిసారి 2016 సెప్టెంబరులో కూర్చుంది, రెండోసారి 2020 అక్టోబరులో. మధ్యలో నాలుగేళ్లు! ఎన్నాళ్లకోసారి కూర్చోవాలో చట్టంలో లేదు. వివాదాన్ని చర్చలతో, పరస్పర అంగీకారంతో పరిష్కరించమంది. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కృష్ణా నీటిపై తాత్కాలికంగా రాసుకున్న 512:299 టీఎంసీల వాటాపై తగాదా ఇంకా నడుస్తూనే ఉంది. ఆ నీటి పంపకం తేల్చడానికి 2004లో ఏర్పడిన బ్రిజేష్‌ కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం 2023లో మళ్లీ కొత్త విచారణాంశాలు అప్పగించింది.

క్రమం తప్పకుండా కూర్చునే వ్యవస్థ ఎలా ఉంటుందో యూరోపియన్ యూనియన్‌లో చూడొచ్చు. అందులో 27 దేశాలు, 24 అధికార భాషలు. ఒకప్పుడు ఒకదానితో ఒకటి యుద్ధాలు చేసిన దేశాలవి. దేశాధినేతలు ఆరు నెలల్లో రెండుసార్లు కలవాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. పన్నులు, విదేశాంగ విధానం వంటివి మినహాయిస్తే మంత్రుల మండలిలో చాలా విషయాలు ఓటుతో తేలతాయి: 55 శాతం దేశాలు ఒప్పుకుని, యూనియన్ మొత్తం జనాభాలో 65 శాతం వాటిలో ఉంటే చాలు. మాట తప్పిన దేశాన్ని కమిషన్ కోర్టుకు ఈడుస్తుంది, కోర్టు జరిమానా వేయగలదు. ఇదేమీ సులువుగా రాలేదు. 1965లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ తన మంత్రులను సమావేశాలకు పంపడం మానేస్తే నెలల తరబడి పని స్తంభించింది. 1966లో రాజీ కుదిరినా, మెజారిటీ ఓటు మళ్లీ ఊపందుకోవడానికి 1980ల దాకా పట్టింది.

ఆ ఓటు పద్ధతిని మనం యథాతథంగా తెచ్చుకోలేం. ఇద్దరు ముఖ్యమంత్రులు చెరోవైపు నిలిస్తే తీర్పు కేంద్రమంత్రి చేతిలో పడుతుంది. రెండు రాష్ట్రాలూ దానికి జంకడంలో న్యాయముంది. తెచ్చుకోవలసింది గడువులు. జూన్‌లో నీటి సంవత్సరం మొదలవుతుంది కనుక ఏటా మే నెలలో కౌన్సిల్ కూర్చోవాలి. ముఖ్యమంత్రి రాలేకపోతే ఆయన మంత్రి రావాలి. చర్చల వివరాలు ప్రజల ముందు పెట్టాలి. మూడు నెలల్లో తేలనిది ఎవరూ అడగకుండానే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఇందుకు పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అదే 11వ షెడ్యూలులో తెలంగాణకు చెందిన కల్వకుర్తి, నెట్టెంపాడు కూడా ఉన్నాయి. కనుక వెలిగొండ కోసం ఒంగోలు ఎంపీ, ఆ రెండింటి కోసం పాలమూరు ఎంపీలు కలిసి అడగదగిన సవరణ ఇది.