పాత కంప్యూటరూ, కాపలా ఖర్చూ

సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు మనలో చాలామందికి ఓ అలవాటుంది. మనం వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్‌ని తుడిచి, "నాన్నకి ఇది చాల్లే" అని సూట్‌కేసులో పెట్టేస్తాం. తిరిగొచ్చిన కొన్నాళ్ళకి ఫోన్లో మొదలవుతుంది: "ఒరేయ్, ఇది ఆన్ చేసి కాఫీ తాగొచ్చినా ఇంకా తెరుచుకోవట్లేదురా." ఈలోగా వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడు తీర్పు చెప్పేసి ఉంటాడు: "మెమరీ అంతా యాంటీవైరస్సే తినేస్తోందండీ. తీసేస్తే సరిపోతుంది."

ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగంతోనే చిక్కు.

అసలు యాంటీవైరస్‌కి మెమరీ ఎందుకు? తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టిక ఒకటి దాని దగ్గర ఉంటుంది. మనం ఏ ఫైలు తెరిచినా ముందు అది చూసి, ఆ గుర్తులతో పోల్చి, తర్వాతే మన చేతికిస్తుంది. ప్రతిసారీ డిస్కులోంచి పట్టిక తీసి చదువుతూ కూర్చుంటే పని సాగదు. అందుకని మెమరీలో పెట్టుకుంటుంది. సర్వర్లలో వాడే క్లామ్‌ఏవీ అనే ఓపెన్ సోర్స్ యాంటీవైరస్‌నే చూడండి. దాని పట్టికకే ఒక జీబీకి పైగా పడుతుంది. 2020లో వచ్చిన 0.103 వెర్షన్ నుంచి, స్కానింగ్ ఆగకుండా ఉండటానికి పాత పట్టిక దించకుండానే కొత్తది ఎక్కిస్తుంది. ఆ కాసేపూ వాడకం దాదాపు రెట్టింపు. చిన్న మెషీన్ ఉన్నవాళ్ళు ఆ పద్ధతిని ఆపుకోవచ్చు. కానీ అప్పుడు కొత్త పట్టిక ఎక్కేదాకా ఫైళ్ళు వరసలో నిలబడాల్సిందే.

ఇళ్ళలో ఉండే విండోస్ సంగతి ఇంత భారం కాదు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ టాస్క్ మేనేజర్‌లో "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అన్న పేరుతో కనిపిస్తుంది. మామూలుగా ఒకటి రెండు వందల ఎంబీలు, స్కాన్ నడిచేటప్పుడు ఇంకా ఎక్కువ. 16 జీబీ ఉన్న మన ఆఫీసు మెషీన్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. 4 జీబీ మెషీన్‌లో లెక్క వేరు. విండోసే సగం దాకా తీసుకుంటుంది, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఇంకో జీబీ పోతుంది. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెట్టినట్టే.

మెమరీ నిండితే కంప్యూటర్ ఆగిపోదు, కొంత సరుకుని డిస్కు మీదకి దించి, కావలసినప్పుడు మళ్ళీ ఎక్కించుకుంటుంది. అసలు నరకం ఇక్కడే. పాత ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్ డిస్కు అక్కడక్కడా ఉన్న ముక్కల్ని సెకనుకి ఓ వంద సార్లు చదవగలదేమో. ఎస్ఎస్‌డీ వేల సార్లు చదువుతుంది. పైగా యాంటీవైరస్ ఫైళ్ళు తనిఖీ చేసేదీ ఆ డిస్కు మీదే. కాబట్టి నాన్నగారి స్క్రీన్ చూసేటప్పుడు మెమరీ వరస ఒక్కటే చూసి వదిలేయకండి. పక్కనే డిస్క్ వరస 100 శాతంలో ఇరుక్కుపోయి ఉంటే, రోగం అదీ.

మరి తీసేస్తే? ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు లాగిన్ ఉంది, పెన్షన్ కాగితాలున్నాయి, మనవల ఫోటోలున్నాయి. జిరాక్స్ షాపుకి వెళ్ళొచ్చిన పెన్ డ్రైవ్ దాంట్లోనే గుచ్చుతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయిన పెన్ డ్రైవ్ మన ఊళ్ళలో చూడనివాళ్ళు తక్కువ. 2017 మే నెలలో వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతని మూసే అప్‌డేట్ ఆ మార్చిలోనే వచ్చింది, వేసుకోని మెషీన్లే దొరికిపోయాయి. నెమ్మదిగా ఉందని కాపలా తీసేసి, అప్‌డేట్లు కూడా ఆపేసిన కంప్యూటర్‌లో అమ్మ బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతుంటే మనం ఇక్కడ నిద్రపోగలమా?

చేయగలిగినవి చెప్తాను.

ముందు, కాపలా ఒక్కటే ఉండాలి. కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి ఏళ్ళయినా చాలా మెషీన్లలో అలాగే కూర్చుని ఉంటుంది. దానిపైన షాపువాళ్ళు ఇంకోటి వేసుంటారు. ఒకటి తెరిచిన ఫైలుని ఇంకొకటి తనిఖీ చేస్తూ రెండూ డిస్కుని నలిపేస్తాయి. రెండూ తీసేయండి. విండోస్ 8 నుంచీ డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్, వేరేది లేకపోతే తనే డ్యూటీ ఎక్కుతుంది. ఎక్కిందో లేదో ఒకసారి చూసుకోండి.

రెండోది, పూర్తి స్కాన్‌ని భోజనాల వేళకి మార్చండి. స్కాన్ ప్రాసెసర్‌లో సగటున ఎంత శాతం వాడొచ్చో పవర్‌షెల్‌లో తగ్గించొచ్చు, మామూలుగా 50 ఉంటుంది. దీనివల్ల మెమరీ మిగలదు కానీ మౌస్ కదులుతుంది. వేగం కోసం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని, పెన్ డ్రైవ్‌ని తనిఖీ నుంచి మినహాయించమని ఎవరైనా చెప్తే వినకండి. దొంగలొచ్చే దారి అదే.

మూడోది, డబ్బు పెట్టగలిగితే ముందు ఎస్ఎస్‌డీకి, తర్వాత మెమరీని 8 జీబీ చేయడానికి పెట్టండి.

ఇంకొక్క మాట. విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మామూలు సపోర్టు అయిపోయింది. చాలా పాత మెషీన్లు విండోస్ 11కి పనికిరావు. బ్రౌజరూ, ఫోటోలూ తప్ప వేరే పనిలేని ఇంట్లో లినక్స్ మింట్ వేసి చూడండి. అప్‌డేట్లు వస్తాయి, బరువూ తక్కువ.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, స్క్రీన్ కింద గడియారం పక్కనున్న బాణం నొక్కి, యాంటీవైరస్ బొమ్మలు ఎన్ని ఉన్నాయో చదవమనండి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఆ రోజు పని దొరికినట్టే.