దీపానికి నానార్థాలు



అమరకోశంలో నానార్థవర్గమని ఒకటున్నది. 'హరి' అన్న ఒక్క పదానికే విష్ణువు, సింహం, గుఱ్ఱం, కోతి, కప్ప మొదలైన అర్థాలు అందులో కనిపిస్తాయి. ఒక అర్థం వాడుకలో లేదని పదాన్నే నిఘంటువునుండి కొట్టివేస్తే మనం ఒప్పుకొంటామా? టంగ్‌స్టన్ తీగ వెలిగే పాత బల్బు విషయంలో జరుగుతున్నది సరిగ్గా అదే.

ఐరోపా సమాఖ్య 2009 సెప్టెంబరులో 100 వాట్ల బల్బులతో మొదలుపెట్టి, 2012 నాటికి ఇండ్లలో వాడే ఫిలమెంట్ బల్బులను దశలవారీగా అంగడినుండి తప్పించింది. అమెరికాలో వాట్‌కు కనీసం 45 ల్యూమెన్ల వెలుగు ఉండాలన్న నియమం 2023 ఆగస్టునుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. మన దేశంలో ఆ పనిని ప్రధానంగా ధర చేసింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు చౌకగా ఇంటింటికీ చేరాయి.

ఈ మార్పును నేను తప్పుపట్టను. పాత బల్బు తీసుకొన్న విద్యుత్తులో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. వెలుతురుకోసం దానిని వెనకేసుకురావడం మూర్ఖత్వం. అయితే దానికి వెలుతురొక్కటే అర్థం కాదు.

రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారి బల్లమీద సిరీస్ బోర్డు ఉంటుంది. మరమ్మతు చేసిన యంత్రాన్ని నేరుగా కరెంటుకు తగిలించక, మధ్యలో ఒక 100 వాట్ల బల్బును శ్రేణిలో కలుపుతారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి, ప్రవాహాన్ని అర ఆంపియరు లోపలే ఆపుతుంది, యంత్రం మాడదు. లోపం లేకపోతే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. కాపలాదారూ అదే, కబురు చెప్పేదీ అదే. (షాకునుండి మాత్రం అది కాపాడదు. కొత్తవారు ఇది మరువరాదు.)

ఆ స్థానంలో ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. దానిలోని డ్రైవరు సర్క్యూట్ ప్రవాహాన్ని తన అవసరం మేరకే తీసుకొంటుంది. ఇస్త్రీపెట్టె పెట్టవచ్చు గదా అంటారేమో! అందులోని నిక్రోమ్ తీగ నిరోధం వేడెక్కినా పెద్దగా మారదు. టంగ్‌స్టన్ గొప్పతనమంతా ఆ మార్పులోనే ఉంది.

నేను తెలుగు పంతులను. భౌతికశాస్త్రం నా బోధనాంశం కాదు. అయినా, పిల్లలకు ఇంతకంటె చవకైన గురువు దొరకదని చెప్పగలను. 230 వోల్టుల 100 వాట్ల బల్బు నిరోధాన్ని లెక్కగడితే 529 ఓమ్‌లు వస్తుంది. అదే బల్బును హోల్డరునుండి తీసి, చల్లగా ఉండగా మల్టీమీటరు పెట్టి చూస్తే సుమారు 40 ఓమ్‌లే కనిపిస్తుంది. లెక్క తప్పలేదు, మీటరూ తప్పలేదు. ఓమ్ నియమంలో "ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు" అనే మాటను కంఠస్థం చేసిన విద్యార్థికి, ఆ మాట అక్కడ ఎందుకున్నదో ఆ క్షణంలో బోధపడుతుంది.

ఈ గుణాన్నే విలియం హ్యూలెట్ తన ఆసిలేటరులో వాడుకొన్నాడు. ధ్వని తరంగాల పరిమాణం నిలకడగా ఉండటానికి ఆయన ఒక చిన్న బల్బును పెట్టాడు. 1939లో మొదలైన హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ తొలి ఉత్పత్తి ఆ పరికరమే. అక్కడ బల్బు పని వెలగడం కాదు, అదుపు చేయడం.

కనుక నా మనవి ఇంతే. ఐరోపా నిబంధనలే ప్రత్యేక ప్రయోజనాల దీపాలను వేరుగా చూశాయి. మనదగ్గర కూడా ఎప్పుడైనా చట్టం వస్తే, ప్రయోగశాలలకూ మరమ్మతు పనులకూ అటువంటి వెసులుబాటు ఉంచాలి. అంతవరకు ప్రతి పాఠశాలా, ప్రతి పాలిటెక్నిక్కూ 40, 60, 100 వాట్ల బల్బులు అరడజను చొప్పున కొని భద్రపరచుకోవడం మేలు. ఖర్చు స్వల్పం. బల్బు అంగట్లో కనబడకపోతే మరొక సరకు వస్తుంది; విప్పి చూసి నేర్చుకొనే అలవాటు పోతే దానిని అంగట్లో కొనలేము.

మీలో టంకం కడ్డీ పట్టినవారు ఉంటే, మీరేమంటారు?